దారపు ముడులతో జపమాల

కతోలికుల చేతిలో కనిపించే, సిలువ గల పూసల మాలను జపమాల అంటారు. మన హాస్టలులో చాలామంది దీనిని మెడలో వేసుకునే దండ అనుకుంటారు. నిజానికి ఇది లెక్క కోసం పుట్టినది. రుద్రాక్షమాలలో 108, ముస్లిం సోదరుల తస్బీలో 99 లేక 33 పూసలు ఉన్నట్లే, జపమాలలో 59 ఉంటాయి.

బైబిలులో 150 కీర్తనలున్నాయి. మధ్యయుగంలో ఐరోపాలోని మఠాలలో సన్యాసులు వీటిని లాటిన్ భాషలో చదివేవారు. అదే మఠంలో పొలం పని, వంటపని చేసే సోదరులకు చదువు రాదు. వారు కీర్తనకు ఒకటి చొప్పున 150 సార్లు పరలోక జపం చెప్పుకునేవారు. లెక్క తప్పకుండా దారానికి ముడులు వేసుకునేవారు, పూసలు గుచ్చుకునేవారు. క్రమంగా పరలోక జపం స్థానంలోకి మంగళవార్త జపం వచ్చింది. అది గబ్రియేలు దూత మరియమ్మకు చెప్పిన వందనంతో మొదలవుతుంది. కాబట్టి చదువుకు నోచుకోనివారి పుస్తకమే జపమాల అని నా అభిప్రాయం. ఇంగ్లీషులో పూసను 'బీడ్' అంటాం కదా, పాత ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం ప్రార్థన!

13వ శతాబ్దంలో పారిస్ నగరంలో జపమాలలు చేసేవారికి వేరువేరు సంఘాలుండేవి. ఎముక, కొమ్ముతో చేసేవారు ఒక సంఘం, పగడం, గవ్వలతో చేసేవారు మరొక సంఘం.

మా నాయనమ్మకు అక్షరం రాదు. వల అల్లే నైలాన్ దారంతో ఆమె స్వయంగా జపమాల చేసుకునేది. నేను హాస్టలుకు వచ్చేటప్పుడు ఒకటి ఇచ్చింది. అందరి దగ్గర మెరిసే పూసలుంటే నాది తాడు అని సిగ్గుపడి, రెండేళ్లు ట్రంకు పెట్టె అడుగున దాచాను. ఆమె పోయిన తరువాత దానిని విప్పకుండా, ముడి ముడి చూసి నేర్చుకున్నాను. ఆ విధానం ఇది.

సుమారు 6 మీటర్ల దారం కావాలి. ఒక కొసన జానెడు వదలాలి. దారాన్ని చూపుడు వేలికి మూడు చుట్లు చుట్టి, పొడవు కొసను ఆ చుట్ల లోపలి నుండి దూర్చి, వేలు తీసి మెల్లగా లాగాలి. పూసలాంటి ముడి పడుతుంది. తొందరపడితే చుట్లు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి, నాకు మొదటి పది అలాగే పాడయ్యాయి. పది ముడుల తరువాత కొంచెం ఎడం వదలి, నాలుగు చుట్ల పెద్ద ముడి. మళ్లీ ఎడం, మళ్లీ పది. ఇలా ఐదు పదులు, వాటి మధ్య నాలుగు పెద్ద ముడులు అయ్యాక రెండు కొసలు కలిపి కట్టాలి. పొడవు కొసకు ఒక పెద్దది, మూడు చిన్నవి, ఒక పెద్దది వేసి చివర సిలువ కట్టాలి. రెండు వెదురు పుల్లలైనా చాలు. మిగిలిన కొసను కత్తిరించి కొవ్వొత్తి మంటకు చూపితే ఊడదు. లెక్క చూసుకోండి: చిన్నవి 53, పెద్దవి 6.

సిలువ పట్టుకొని విశ్వాస సంగ్రహం, పెద్ద ముడికి పరలోక జపం, చిన్న ముడికి మంగళవార్త జపం, ప్రతి పదీ ముగిశాక త్రిత్వ స్తోత్రం చెబుతారు. నోటితో జపం, మనసులో యేసు లేక మరియమ్మ జీవితంలోని ఒక ఘట్టం. వీటిని దేవరహస్యాలంటారు. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలు మొత్తం 15. 2002లో రెండవ జాన్‌పాల్ పోపుగారు వెలుగు దేవరహస్యాలు ఐదు చేర్చారు. దాంతో పాత 150 లెక్క 200 అయింది.

అక్టోబరు 7 జపమాల మాత పండుగ. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళితే రకరకాల జపమాలలు చూడవచ్చు. కొనడం తప్పుకాదు. కాని దారపు ముడులకు ఒక సుగుణం ఉంది, అవి చప్పుడు చేయవు. రాత్రి లైట్లు ఆర్పాక పక్క మిత్రుని నిద్ర చెడకుండా, దుప్పటి కింద వేళ్లతోనే తడిమి ఐదు పదులూ పూర్తి చేయవచ్చు.