గొట్టం చివర నుంచి మొదలుపెట్టండి

మా అన్నయ్య కొడుకు అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని బాయిసీలో ఉంటాడు. రెండేళ్ల కిందట వాళ్లింటికి వెళ్లినప్పుడు కారు షెడ్డులో ఓ మూల టార్పాలిన్ ఎత్తి ఓ ఇంజను చూపించాడు. "సెకండ్ హ్యాండ్‌లో పట్టేశాను బాబాయ్. 13 హెచ్‌పీ. సగం ధరకే ఇచ్చాడు" అన్నాడు. దీంతో ఏం చేస్తావురా అంటే, ఏటి అడుగున బంగారం తీసే డ్రెడ్జ్ సొంతంగా కడతానన్నాడు. పంపు కొన్నావా? లేదు. గొట్టం ఎన్ని అంగుళాలు? ఇంకా అనుకోలేదు. ఏ ఏరు? అదీ అనుకోలేదు. ఇంజను మాత్రం ఇంటికొచ్చేసింది.

నాడా దొరికిందని గుర్రాన్ని కొనడం అంటారే, మావాడు అక్షరాలా అదే చేశాడు. వాడొక్కడే కాదు. ఆఫర్ ఉందని కోర్సులో చేరి, ఆ కోర్సు ఏ ఉద్యోగానికి పనికొస్తుందో తర్వాత వెతుక్కునేవాళ్లు నాకు వారానికొకరు కనిపిస్తారు. అందుకే ఈసారి నిర్ణయాలు తీసుకోవడం గురించి పంపు, ఇంజను సాక్షిగా చెబుతాను. యంత్రం మొహమాటపడదు. తప్పు లెక్క వేస్తే మొదటి రోజే ముఖం మీద చెప్పేస్తుంది.

ముందు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చూడండి. తేలే ట్యూబుల మీద ఇంజను, పంపు ఉంటాయి. పంపు ఏటిలోని తేట నీటిని లాగి, ఒత్తిడితో ఓ సన్నటి గొట్టంలోకి తోస్తుంది. ఆ నీరు జెట్ అనే భాగంలో సన్నని ధారగా, మహా వేగంగా దూకుతుంది. ఆ వేగానికి వెనకాల చూషణ పుడుతుంది. దాంతో పెద్ద గొట్టం ఏటి అడుగునున్న ఇసుకను, గులకరాళ్లను మింగుతుంది. అదంతా స్లూయిస్ అనే ఏటవాలు తొట్టిలోకి వెళ్లి, అడ్డపట్టీల మీదుగా పారుతుంది. బంగారం నీటికన్నా 19 రెట్లు బరువు, మామూలు ఇసుక రెండున్నర రెట్ల పైచిలుకు. ఇసుక కొట్టుకుపోతుంది, బంగారం పట్టీల వెనకాల కూర్చుంటుంది. గమనించారా, రాయీ రప్పా పంపులోంచి వెళ్లనే వెళ్లవు. ఈ ఒక్క సంగతి తెలియక, రాళ్లు మింగే బురద పంపు కావాలేమోనని అనవసరంగా డబ్బు పోసేవాళ్లున్నారు. పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి పెట్టిన ఒక సాయంత్రం ఒక్కోసారి ఒక నెల జీతాన్ని కాపాడుతుంది.

ఇప్పుడు లెక్క ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? ఇంజను దగ్గర కాదు. గొట్టం చివర, రాళ్లు మింగే మూతి దగ్గర. మావాణ్ని కూర్చోబెట్టి నేనడిగిన మొదటి ప్రశ్న: "వారానికి ఎన్ని గంటలు నీళ్లలో ఉంటావు? తోడెవరు?" శని, ఆదివారాలు, ఒక స్నేహితుడు అన్నాడు. అయితే రెండున్నర అంగుళాల గొట్టం చాలు. గొట్టం వెడల్పు రెట్టింపయితే లోపలి వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. 2 అంగుళాల నుంచి 4కి వెళ్లడమంటే రెట్టింపు పని కాదు, నాలుగింతల నీరు, అంతకు తగ్గ పంపు, ఇంజను, మోసే భుజాలు. 4 అంగుళాల డ్రెడ్జ్‌కి కూడా అక్కడివాళ్లు సాధారణంగా 5 నుంచి 6.5 హెచ్‌పీ ఇంజనే వాడతారు. వీడి దగ్గర 13 ఉంది!

"ఎక్కువ ఉంటే నష్టమేముంది బాబాయ్, తగ్గించి నడుపుకుంటా" అన్నాడు. నష్టం ఉంది. తొట్టిలోకి నీరు మరీ ఉరవడిగా వస్తే సన్నటి బంగారపు రేణువులు పట్టీల వెనక నిలవవు, ఇసుకతోపాటే మళ్లీ ఏట్లో పడతాయి. బలం మితిమీరితే మనం దేనికోసం వచ్చామో అదే చేజారుతుంది. పైగా బరువు. 200 సీసీ లోపు హోండా ఇంజను 16 కిలోలుంటే, 390 సీసీది 31 కిలోల పైమాటే. కారు ఆగిన చోటి నుంచి ఏటిగట్టు దిగేవరకు మోయాల్సింది వీడే కదా.

డబ్బాల మీద రాసే కొలతల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లం ఎక్కువగా మోసపోయేది అక్కడే. పంపు డబ్బా మీద రెండు అంకెలుంటాయి: నిమిషానికి గరిష్ఠంగా ఇన్ని లీటర్లు, గరిష్ఠంగా ఇన్ని మీటర్ల ఎత్తు. రెండూ నిజమే. కానీ రెండూ ఒకేసారి రావు. గరిష్ఠ ఎత్తుకు నీటిని తోసే క్షణంలో పంపు ఇచ్చే నీరు సున్నా. గరిష్ఠంగా నీరిచ్చేటప్పుడు ఒత్తిడి దాదాపు ఉండదు. జెట్‌కి రెండూ కావాలి కాబట్టి ఆ రెండు చివర్ల మధ్య పంపు ఎంతిస్తుందో చెప్పే గీతను, పర్ఫార్మెన్స్ కర్వ్‌ను, అడిగి తీసుకోవాలి. ఉద్యోగం ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడూ ఇదే పని చేయండి. బోనస్ గరిష్ఠం, సెలవులు గరిష్ఠం, ఇంటి నుంచి పని గరిష్ఠం అని రాసి ఉంటుంది. మామూలు నెలలో, మామూలు మనిషికి ఎంత అందుతుందో అక్కడ పనిచేస్తున్నవాళ్లను అడగండి.

ఇంజను మీది అంకె సంగతీ అంతే. హోండా జీఎక్స్ 160 ఇంజనును ఒకప్పుడు 5.5 హెచ్‌పీ అని అమ్మేవారు. ఇప్పుడు దాన్నే 4.8 అంటున్నారు. ఇంజను నీరసించిపోలేదు, కొలిచే పద్ధతి మారింది. కాబట్టి పాత ఇంజను మీది 5.5ను, కొత్త దాని మీది 5.5ను ఒకటిగా చూడకండి. హెచ్‌పీ వదిలేసి సీసీ చూడండి. దానికి తోడు, పెట్రోలు ఇంజను ప్రతి 300 మీటర్ల ఎత్తుకు దాదాపు 3 శాతం బలం కోల్పోతుంది. 1862లో బంగారం బయటపడి జనం ఎగబడ్డ ఐడహో సిటీ సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మీ ఇంజను బలంలో పదో వంతుకు పైగా పోయిందనుకునే లెక్క వేయాలి.

చవకది కొనాలా, పేరున్నది కొనాలా? చవకదే కొనండి, కానీ ఒక షరతు. హోండా నమూనాలో చైనాలో తయారైన 212 సీసీ ఇంజన్లు అక్కడ అసలుదానిలో సగం కన్నా తక్కువకే దొరుకుతాయి. బోల్టుల దూరాలు, ముప్పావు అంగుళం షాఫ్టు చాలావాటిలో ఒకటే. అందువల్ల రేపు ఇంజను పోయినా పంపు పనికొస్తుంది. ఎవరికీ తెలియని కొలతల ఇంజను దాంట్లో సగానికి వచ్చినా వద్దు. కొనేముందు పంపుకు సరిపడేది మరలున్న షాఫ్టా, తాళపుగాడి ఉన్న షాఫ్టా అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పొదుపంటే ధర తక్కువ కావడం కాదు, విరిగినప్పుడు బాగుచేసే దారి దగ్గరలో ఉండడం.

డబ్బు మొత్తం ఇంజనుకే పోయకండి. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కృష్ణా డెల్టాలో మాది కాలవ చివరి భూమి. నీరు పల్లంలోనే ఉండిపోతే ఆయిలింజనుతో తోడుకోవాలి. నాకు పన్నెండేళ్లప్పుడు ఓ పొద్దున ఇంజను దడదడా ఆడుతోంది, పొగ వస్తోంది, డెలివరీ పైపులోంచి మాత్రం చుక్క రాదు. గట్టు మీదున్న నలుగురూ ఇంజనుకు దమ్ము లేదు, పెద్దది కొను అని నాన్నకు సలహా ఇచ్చారు. నాన్న అప్పు ఎవరినడగాలా అని ఆలోచనలో పడిపోయారు. అప్పుడు మా పెదనాన్న వచ్చి ఏమీ మాట్లాడకుండా సక్షన్ పైపు పక్కన గొంతుక్కూర్చున్నారు. జాయింటు దగ్గర చెవి పెట్టారు. తడి బంకమట్టి ఓ ముద్ద తీసి ఆ జాయింటు చుట్టూ మెత్తారు. పంపులో నీళ్లు నింపి మళ్లీ స్టార్ట్ చేయించారు. పైపు రెండుసార్లు దగ్గి, బుడబుడమని, నీళ్లు దూకాయి. ఇంజనుకు ఏ రోగమూ లేదు. వెంట్రుకంత సందులోంచి గాలి తీసుకుంటోంది, అంతే. సాయంత్రం పాత సైకిల్ ట్యూబును రిబ్బనులా కోసి, లాగి లాగి జాయింటుకు చుట్టారు. ఆ చుట్టు చాలాకాలం ఉంది.

సక్షన్ వైపు గట్టి గొట్టం, మంచి క్లాంపులు, ఇసుక పట్టని ఫుట్‌వాల్వు, వీటికి ముందే డబ్బు తీసి పక్కన పెట్టండి. మిగిలిన దాంతో పంపు, ఆ తర్వాతే ఇంజను. నీళ్లు నింపకుండా పంపును ఖాళీగా తిప్పితే లోపలి సీలు కాసేపట్లోనే మాడిపోతుంది. ఆ తొందరపాటుకు ఏ గ్యారంటీ కార్డూ అడ్డుపడదు.

వీటన్నిటికన్నా ముందు కాగితం. ఐడహోలో సరదాగా తీసుకునేవాళ్లకు 5 అంగుళాల లోపు మూతి, 15 హెచ్‌పీ లోపు ఇంజను అని హద్దులున్నాయి. అనుమతి తీసుకోవాలి, కొన్ని ఏరుల్లో అసలు దిగకూడదు. కాలిఫోర్నియాలో 2009 నుంచి ఈ డ్రెడ్జింగ్ ఆపేశారు. ఆ నిషేధం చెల్లుతుందని 2016లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చేపలు గుడ్లుపెట్టే ఏటి అడుగును కెలికే పని కాబట్టి ఆ కట్టుబాటు న్యాయమేనని నా అభిప్రాయం. ఇది చదివి ఎవరూ మన ఏరుల్లోకి యంత్రం దించకండి, మన దగ్గర ప్రభుత్వ అనుమతి లేకుండా ఖనిజం తీయడం నేరం.

మావాడు ఆ 13 హెచ్‌పీ ఇంజనును కొన్న ధరకే అమ్మేశాడు. అమ్మడానికి వాడికి ఆర్నెల్లు పట్టింది, ఇంజను కోసం కాదు, తప్పు చేశానని ఒప్పుకోవడం కోసం. అది నాకు వాడి మీద గౌరవం పెంచింది. పోయిన వేసవిలో వీడియో కాల్ చేశాడు. రెండున్నర అంగుళాల గొట్టం, చిన్న ఇంజను, చేతిలో అనుమతి పత్రం. చూపించాడు కదా, సక్షన్ జాయింటుకు నల్లటి చుట్టు.

"ఏంట్రా అది?"

"సైకిల్ ట్యూబ్ బాబాయ్. తాతయ్య పద్ధతి."

పంపులో నీళ్లు నింపి, తాడు లాగాడు. గులకరాళ్లు గలగలమంటూ తొట్టిలోకి వచ్చాయి. నీరు ఉరవడిగా ఉందనిపించినట్టుంది, వంగి థ్రాటిల్ కొంచెం తగ్గించి, పట్టీల మీద నీటి పొరనే చూస్తూ ఉండిపోయాడు. నేను లైన్లో ఉన్న సంగతే మరిచిపోయాడు.