భూగర్భ గనులు, పాటిదిబ్బలు, ప్రభుత్వ అనుమతులు



తోటపల్లి గూడూరు మండలములో బొగ్గు గని లేదు. మనవి పెన్న డెల్టా నేలలు. అట్లని ఈ వ్యాసము మనకు పనికిరాదని ప్రక్కన పెట్టవద్దు. మన మండలములోని అనంతవరము వద్దనే 1320 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము కలదు. ప్రక్కనున్న ముత్తుకూరు మండలములో మరికొన్ని కలవు. అట్టి కేంద్రమునకైనను, బొగ్గు గనికైనను పర్యావరణ అనుమతి నిచ్చు విధానము ఒక్కటే. అది కేంద్ర ప్రభుత్వము 2006 సెప్టెంబరు 14న వెలువరించిన ప్రకటన ప్రకారము జరుగును. గని కాగితములు చదువుట తెలిసినవానికి, రేపు తన ఊరి ప్రక్కకు ఏ పెద్ద నిర్మాణము వచ్చినను దాని కాగితములు చదువుట తెలియును.

తెలుగు నేలపై బొగ్గు గనులు గోదావరి లోయలో ఉన్నవి. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. అక్కడి కార్మికులు గనిని ‘బాయి’ అందురు. భూగర్భ గనిలో మొదట సొరంగములు త్రవ్వి, పైకప్పు పడకుండ మధ్య మధ్య బొగ్గు స్తంభములను విడిచిపెట్టుదురు. పిమ్మట ఆ స్తంభములను కూడ తీసివేయుదురు. అప్పుడు పైనున్న రాతిపొరలు ఖాళీలోనికి కూలును. ఆ కదలిక పొర వెంట పొరగా పైకి ప్రాకి, కొంత కాలమునకు నేల క్రుంగును. తీసిన బొగ్గు పొర ఎంత మందమో, ఎంత లోతున నున్నదో, ఎంత వెడల్పున తీసిరో అను దానినిబట్టి క్రుంగుదల యుండును. ఖాళీని ఇసుకతో నింపినచో క్రుంగుదల చాల తగ్గును. కాని దానికి ఖర్చు ఎక్కువ, నది ఇసుక కూడ కావలెను.

వరి మడి సమముగా నుండుట ఎంత అవసరమో మీకు చెప్పనక్కరలేదు. జానెడు క్రుంగిన మూల నీరు నిలిచి పైరు కుళ్లును. ఎత్తుగా మిగిలిన మూల ఎండును. పగులు వచ్చినచో గట్టు నిలువదు. గనిలోని నీటిని రాత్రింబవళ్లు పంపులతో తోడివేయుదురు గనుక చుట్టుప్రక్కల బావులలో నీటిమట్టము దిగిపోవచ్చును.

ఇక పురాతన స్థలముల సంగతి. మన పెద్దలు పాటిదిబ్బల నుండి మట్టి తోలి పొలములకు వేయుట మీకు తెలిసినదే. ఆ మట్టిలో బలముండుటకు కారణము అది ఒకప్పటి ఊరు కావుటయే. వందల ఏండ్ల బూడిద, పెంట, ఎముకలు అందు కలిసియున్నవి. మట్టితో పాటు పెంకులు, పూసలు, పెద్ద పెద్ద ఇటుకలు వచ్చుచుండును. పొలములలో గుండ్రముగా పేర్చిన బండలను ‘రాక్షసగుళ్లు’ అని జనులందురు. అవి రాక్షసులవి కావు, ఇనుప యుగము నాటి మనుష్యుల సమాధులు. రామగుండము గనులున్న పెద్దపల్లి జిల్లాలోనే పెద్దబంకూరు, ధూళికట్ట అను శాతవాహనుల నాటి స్థలములు కలవు. పెద్దబంకూరు త్రవ్వకములలో వేలకొలది నాణెములు, ఇటుక బావులు, మట్టి ఒరల బావులు బయల్పడినవి.

మన జిల్లాకు కూడ ఇట్టి కథ యున్నది. 1780 దశకములో నెల్లూరు సమీపమున ఒక రైతు దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలెను. త్రవ్వి చూడగా చిన్న గుడి శిథిలము, దాని క్రింద ఒక కుండ, అందులో రోము చక్రవర్తుల బంగారు నాణెములు కనబడినవి. అవి ట్రాజన్, హేడ్రియన్ కాలము నాటివి. ఆ రైతు వాటిని పాత బంగారముగా అమ్మివేసెను. చాల వరకు కరిగిపోయినవి, ముప్పది పైచిలుకు మాత్రమే తిరిగి చిక్కినవి. సముద్రము మీద రోమనులతో మన తీరము వర్తకము చేసినదనుటకు సాక్ష్యములు ఇట్లు కంసాలి మూసలోనికి పోయినవి. ఆ రైతును తప్పు పట్టుటెందుకు? అతనికి చెప్పినవారు లేరు. నేడు 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినచో కలెక్టరుకు తెలుపవలెను. దాచుట శిక్షార్హము.

రక్షిత కట్టడములకు చట్టము గట్టిగానే యున్నది. 1958 నాటి కేంద్ర చట్టమునకు 2010లో చేసిన సవరణ ప్రకారము, కేంద్ర రక్షిత కట్టడము చుట్టు 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతము, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతము. కాని ఈ రక్షణ జాబితాకెక్కిన వాటికే. మీ పొలములోని దిబ్బ, చెరువు గట్టుమీది శాసనపు రాయి ఆ జాబితాలో లేకపోవచ్చును. నెల్లూరు జిల్లా శాసనములను బట్టర్‌వర్త్, వేణుగోపాల చెట్టి గారలు సేకరించి 1905లో మూడు సంపుటములుగా అచ్చువేయించిరి. అందులో చేరనివి ఇప్పటికిని గట్లమీద, గుడి గోడలలో ఉండవచ్చును.

అనుమతి కోరు సంస్థ పర్యావరణ ప్రభావ నివేదిక తయారు చేయించును. గని చుట్టు సాధారణముగా 10 కిలోమీటర్ల వరకు గాలి, నీరు, నేల, పైరులు, జనుల స్థితి పరిశీలింతురు. చట్టరక్షణ గల సాంస్కృతిక స్థలములు 15 కిలోమీటర్ల లోపు ఎక్కడెక్కడ నున్నవో దరఖాస్తులోనే చూపవలెను. ఇందు రెండు లోపములకు తావున్నది. మొదటిది, నీటి కొలతలు తరచుగా వానలు లేని ఒక్క ఋతువులోనే తీయుదురు. రెండవది, ఇది ముఖ్యము, భూగర్భ గని విషయములో “నేలపై మేము ఏమియు త్రవ్వము, కావున దిబ్బలకు, గుళ్లకు హాని లేదు” అని వ్రాయవచ్చును. ఈ మాట వినుటకు బాగుండును. కాని క్రింద కదిలినది పైకి రాకుండునా? కావున నివేదికలో మొదట వెదకవలసినది క్రుంగుదల అంచనా. ఎక్కడ ఎంత క్రుంగునో చూపు పటమును, మీ సర్వే నంబర్ల పటమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మీ బావి, గుడి, దిబ్బ ఆ గీత లోపల నున్నవా, వెలుపల నున్నవా?

నివేదిక ముసాయిదా, తెలుగు సంగ్రహము కలెక్టరు కార్యాలయము, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రము మొదలగు చోట్ల చూచుటకు దొరకును. బహిరంగ విచారణకు కనీసము 30 దినములు ముందుగా ప్రకటన వేయవలెను. విచారణకు కలెక్టరు గాని, వారి తరఫున తగిన హోదా గల అధికారి గాని అధ్యక్షత వహింతురు. కాలుష్య నియంత్రణ మండలి దానిని నిర్వహించును. ఇంతమంది రావలెనను నియమము లేదు గనుక, పదిమంది వచ్చినను విచారణ చెల్లును. ఇంట కూర్చున్నవాని మాట నమోదు కాదు.

అక్కడ మాట్లాడుటకు మైకు దొరకకపోవచ్చును. దొరికినను కోపములో సంగతి జారిపోవును. కావున ముందే వ్రాసి ఇచ్చి, అందినట్లు సంతకము తీసికొనుడు. ఊరంతటికి ఒకే అర్జీ కన్న ఎవరి పొలపు సంగతి వారు వ్రాయుట మేలు. సర్వే నంబరు, బావి లోతు, వేసవిలోను కార్తీకములోను నీరు ఎంత లోతున నుండునో అంకెలతో వ్రాయుడు. దిబ్బ యున్నచో ఎంత మేర, ఏ పెంకులు దొరకును అను సంగతి చేర్చుడు. లోపల నలుపు, వెలుపల ఎరుపు గల పెంకులైనచో అది తప్పక వ్రాయదగినది. ఫోటో జతచేయుడు, కాని దిబ్బను త్రవ్వి చూడవద్దు. పొరలు చెదరినచో పురావస్తు శాఖవారు వచ్చినను చదువుటకు ఏమియు మిగులదు. ఆ అర్జీ నకలు రాష్ట్ర పురావస్తు శాఖకు కూడ పంపుడు.

విచారణ చివర నమోదైన అంశములను తెలుగులో చదివి వినిపించవలెను. మీది రాలేదనిన అప్పుడే లేచి చెప్పుడు. అనుమతి వచ్చిన పిమ్మట సంస్థ దానిని రెండు పత్రికలలో ప్రకటించవలెను. ఆక్షేపణ యున్నవారు 30 దినములలో జాతీయ హరిత న్యాయస్థానమునకు అప్పీలు చేసికొనవచ్చును. తగిన కారణము చూపినచో మరి 60 దినముల వరకు ఒప్పుకొందురు. నెల్లూరు వారికి దాని దక్షిణ పీఠము చెన్నైలో నున్నది. అప్పీలుకు పోవునప్పుడు విచారణలో ఇచ్చిన అర్జీ నకలు, అందినట్లు తీసికొన్న సంతకము వెంట నుంచుకొనుడు.