పెట్రోలు యంత్రాలను మూలపెట్టే ముందు

రబీ వరి కోతలు ముగిసి, మిర్చి కల్లాల నుంచి యార్డుకు చేరాక పొలంలో పెట్రోలు యంత్రాలకు పని తగ్గుతుంది. మందు కొట్టే పవర్ స్ప్రేయరు, గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టరు, సాళ్ల మధ్య కలుపు తీసే పవర్ వీడరు... చివరి రోజు పని ఆపిన తీరునే, ట్యాంకులో సగం పెట్రోలుతోనే, చాలామంది వీటిని కొట్టంలో ఓ మూలకు చేర్చేస్తారు. తొలకరికి బయటికి తీసి తాడు లాగితే చెయ్యి పీకుతుందే తప్ప ఇంజను అందుకోదు. విప్పి చూస్తే లోపం చాలాసార్లు కార్బురేటర్‌లోనే ఉంటుంది. చిన్న ఇంజన్లను పనికన్నా ఎక్కువగా పాడుచేసేది పని లేనప్పుడు లోపల నిల్వ ఉన్న పెట్రోలే.

నిల్వ పెట్రోలుతో వచ్చే చిక్కు

పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందుగా ఎగిరిపోతుంది. మన ఎండలకు ఇది మరీ త్వరగా జరుగుతుంది. మిగిలింది జిగురుగా మారి, సూది మొన పట్టేంత ఉండే కార్బురేటర్ జెట్‌ను మూసేస్తుంది. నెల దాటిన పెట్రోలును చిన్న ఇంజన్‌లో వాడకపోవడమే మేలు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. చిన్న ఇంజన్ల వాడకం పుస్తకాల్లో చాలావాటిలో 10 శాతం మించరాదని రాసి ఉంటుంది. మీ యంత్రం పుస్తకం ఒకసారి తీసి చూడండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు మీరితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజను పీల్చేది కూడా అడుగు నుంచే. టూ స్ట్రోక్ ఇంజన్లలో కలిపిన ఆయిల్ పై పెట్రోలులోనే ఉండిపోతుంది. ఆయిల్ లేని అడుగు ద్రవంతో తిరిగితే పిస్టన్ పట్టేస్తుంది.

ముందు కడగాలి, తర్వాత పెట్రోలు తీయాలి

స్ప్రేయరుకు ఈ వరుస తప్పకూడదు. మందు ట్యాంకును మంచినీటితో మూడుసార్లు కడిగి, ప్రతిసారీ ఇంజను నడిపి, ఆ నీటిని గొట్టం, లాన్సు, నాజిల్ గుండా బయటికి పంపండి. కడిగిన నీరు చెరువులో, కాలువలో, బావి దగ్గర పడకూడదు. పైరు లేని చేనులో చల్లండి. నాజిల్, వడపోత జాలీ విప్పి పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై మందు సమంగా పడదు. 2,4-డి వంటి కలుపు మందు కొట్టిన పంపును పత్తి, మిర్చి, టమాటా చేలల్లోకి తీసుకెళ్లవద్దు. ట్యాంకులో మిగిలిన కాస్త మందుకే పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోవడమే క్షేమం.

తర్వాత ఇంజను చల్లారాక, పొయ్యికీ బీడీకీ దూరంగా, ఆరుబయట పెట్రోలు డబ్బాలోకి వంచేయండి. ట్యాంకు ఖాళీ అయ్యాక ఇంజను మళ్లీ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ పెంచకుండా, తానే ఆగిపోయేదాకా వదిలేయండి. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు దీనితో అయిపోతుంది. స్ప్రేయరులో ఆ కాసేపూ మందు ట్యాంకులో మంచినీళ్లు ఉండాలి. నీళ్లు లేకుండా పంపు తిరిగితే సీళ్లు దెబ్బతింటాయి. ఇంజను ఆగాక ఆ నీటిని కూడా పూర్తిగా తీసేయండి.

ఆయిల్, ప్లగ్గు, ఫిల్టరు

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు ఆయిల్ మార్చాల్సిన వేళ ఇదే. 35 సీసీ ఇంజన్‌కు పట్టేది దాదాపు 100 మిల్లీలీటర్లే. ఇంత కొద్ది ఆయిల్ త్వరగా మాసిపోతుంది. ఇంజను కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు పాతది వంచేస్తే మడ్డి కూడా కొట్టుకొస్తుంది.

ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచా శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోసి, తాడును రెండు మూడుసార్లు మెల్లగా లాగండి. సిలిండర్ గోడలకు ఆయిల్ పట్టి తుప్పు రాదు. ప్లగ్గు మసిని తుడిచి, మొనల మధ్య ఎడం పుస్తకంలో చెప్పినంత ఉందో చూసి బిగించండి. చాలా చిన్న ఇంజన్లకు ఇది 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. స్పాంజి ఎయిర్ ఫిల్టరును సబ్బునీటితో కడిగి నీడన ఆరబెట్టండి. కాగితం ఫిల్టరును కడగవద్దు, దుమ్ము దులపండి, నల్లబడితే మార్చండి.

బ్రష్ కట్టర్, వీడర్

బ్లేడు మీద చెయ్యి వేసే ముందు ప్లగ్గు క్యాపు ఊడదీయడం మరవకండి. అంటుకున్న గడ్డిరసం, మట్టి తుడిచి బ్లేడుకు, వీడర్ పళ్లకు పల్చగా నూనె రాయండి. బీట వారిన బ్లేడును వెల్డింగు చేయించకండి, మార్చేయండి. బ్రష్ కట్టర్ గేరు తలలో గ్రీజు నింపండి.

ఎక్కడ పెట్టాలి?

యూరియా, ఇతర ఎరువుల బస్తాల పక్కన వద్దు. అవి తేమ లాగి ఇనుమును తినేస్తాయి. గాలి ఆడే పొడిచోట, నేలకు ఎత్తుగా చెక్క మీద పెట్టి గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ పట్టా బిగించి చుడితే లోపల చెమ్మ పడుతుంది. సైలెన్సర్ మూతిలో కందిరీగలు మట్టిగూడు కట్టకుండా గుడ్డ కుక్కి, తీయడం మరచిపోకుండా దాని కొస బయటికి వేలాడేలా వదలండి. ఎలుకలు వైర్లనూ పెట్రోలు పైపులనూ కొరుకుతాయి కాబట్టి ధాన్యం నిల్వకు దూరంగా ఉంచండి.

రోహిణి కార్తెలో పరీక్ష

వానలకు ముందే యంత్రం బయటికి తీసి, గుడ్డ లాగేసి, కొత్త పెట్రోలు పోసి నడిపి చూడండి. టూ స్ట్రోక్‌కు ఆయిల్ కొలత కంటి అంచనాతో వద్దు. 25:1 అయితే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అయితే 20 మిల్లీలీటర్లు. మీ యంత్రానికి ఏది వర్తిస్తుందో పుస్తకం చెబుతుంది. ఆ వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి. మృగశిర వచ్చాక మెకానిక్ దగ్గర రద్దీ, విడిభాగానికి పట్నం ప్రయాణం, ఈలోగా చేలో కలుపు పెరగడం మీకు తెలియనివి కావు. ఒక పూట పని ఇది, ఈ వారంలోనే ముగించండి.