గోళీయే స్విచ్చి: మన పిన్‌బాల్ బల్ల



సైన్సు గదిలో కిటికీ కింద ఉన్న పిన్‌బాల్ బల్ల మీద మీలో చాలామంది ఆడే ఉంటారు. గోళీ గుంటలో పడగానే ఎర్ర దీపం వెలగడం చూసి 5వ తరగతి పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు. కానీ ఆ దీపం ఎలా వెలిగింది అని అడిగినవాళ్ళు ముగ్గురో నలుగురో. వాళ్ళ కోసం ఈ పాఠం. 9వ తరగతి వాళ్ళం నలుగురం కలిసి 12 రోజుల్లో దీన్ని తయారుచేశాం. మధ్యలో ఒక పెద్ద తప్పు కూడా చేశాం. అది దాచకుండా రాయమని వార్డెన్ మాస్టారు చెప్పారు. కాబట్టి అదీ వస్తుంది.

ముందు ఆట సంగతి. తిరునాళ్ళలో అద్దం కింద మేకులు, సన్న గోళీలు ఉండి, స్ప్రింగు పుల్ల లాగి వదిలే బొమ్మ బల్ల అమ్ముతారు, చూశారా? పిన్‌బాల్‌కి అమ్మమ్మ అలాంటి బల్లే. పిన్ అంటే ఇక్కడ మేకు. అమెరికాలో సిన్సినాటి అనే ఊళ్ళో ఉండే మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన 1871లో ఆ స్ప్రింగు పుల్ల ఉన్న బల్లకి పేటెంటు తీసుకున్నాడు. కరెంటు చాలా తర్వాత వచ్చింది. 1933లో హ్యారీ విలియమ్స్ అనే ఆయన తయారుచేసిన ఆటలో గోళీ గుంటలో పడితే కరెంటు దాన్ని బయటికి తన్నేది, గంట మోగేది. ఆ ఆట పేరు ‘కాంటాక్ట్’. అంటే తగలడం. మన పాఠమంతా ఆ మాట దగ్గరే ఉంది. గోళీని కొట్టే రెక్కలు ఉంటాయి కదా, అవి 1947లో ‘హంప్టీ డంప్టీ’ అనే ఆటతో వచ్చాయి. అంతకుముందు గోళీ వదిలాక బల్లని కదపడం తప్ప ఆడేవాడు చేసేదేం లేదు. ఇది జూదమని న్యూయార్కు నగరంలో 1942 నుంచి 1976 దాకా నిషేధించారు. మన హాస్టల్లో ఇంకా నిషేధించలేదు.

ఇక బల్ల. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లైవుడ్ ముక్క తీసుకున్నాం. చుట్టూ వెదురు బద్దలతో గోడ కట్టాం. పైన గోళీ తిరిగే వంపుకి పల్చటి పచ్చి వెదురు బద్దే కావాలి, ఎండినదైతే విరిగిపోతుంది. మాకు రెండు విరిగాయి. పెద్ద మిషన్లలో బల్ల వాలు ఆరున్నర డిగ్రీలు ఉంటుందని సైన్సు మాస్టారు చెప్పారు. రెండడుగుల పలకకి లెక్క కడితే వెనక వైపు సుమారు రెండు ముప్పావు అంగుళాల ఎత్తు వచ్చింది. ఇటుకని పడుకోబెట్టి పెడితే సరిపోయింది. మేకులకి సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు తొడిగితే గోళీ తగిలి బాగా ఎగురుతుంది. గోళీని కొట్టే పుల్లకి స్ప్రింగు దొరక్క పాత సైకిలు ట్యూబు బద్ద కట్టాం. స్ప్రింగు కంటే ఇదే నయం అని నా అభిప్రాయం. తెగితే మళ్ళీ కట్టుకోవచ్చు.

తర్వాత దీపం. రెండు టార్చి సెల్స్ వరసగా పెడితే 3 వోల్టులు. ఒక కొసనుంచి తీగ టార్చి బల్బుకి, బల్బునుంచి గుంటలో ఉన్న ఒక మేకుకి. గుంటలో రెండో మేకునుంచి తీగ సెల్ రెండో కొసకి. రెండు మేకుల మధ్య చిన్న ఎడం. గోళీ వచ్చి రెండు మేకుల మీద కూర్చుంటే దారి పూర్తవుతుంది, బల్బు వెలుగుతుంది. అంటే మనం నొక్కే స్విచ్చి ఏదీ లేదు. గోళీయే స్విచ్చి.

చెప్పడానికి ఇంతే. కానీ రెండు సాయంత్రాలు మా బల్బు వెలగలేదు. సెల్స్ మార్చి చూశాం, బల్బు మార్చి చూశాం, తీగలు మళ్ళీ చుట్టాం. నలుగురం ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం కూడా. అప్పుడు పక్కన నిలబడి చూస్తున్న 6వ తరగతి తమ్ముడు, "అన్నా, గాజు గోళీలోంచి కరెంటు పోతుందా?" అన్నాడు. మేం ఆడుతున్నది గాజు గోళీతో! విద్యుద్బంధకాలు అనే పాఠం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నది మేమే మరి.

తర్వాతి సంతరోజు మెకానిక్ షెడ్డులో పాత బేరింగు నుంచి అరంగుళం ఇనుప గోళీ అడిగి తెచ్చాం. దానితోనూ వెలగలేదు. ఈసారి కారణం గ్రీజు. బేరింగు గోళీ మీద పట్టిన గ్రీజు పొర కరెంటుని అడ్డుకుంటుంది. బట్టతో గట్టిగా తుడిచి, మేకుల తలలు గరుకు కాగితంతో రుద్దాం. వెలిగింది. ఆ క్షణం మేం వేసిన కేకకి వంటమనిషి పరిగెత్తుకొచ్చాడు.

ఇక్కడే ఆ తప్పు జరిగింది. మా దగ్గర కొత్త సెల్స్ లేవు. రాత్రిపూట వాడే డార్మెటరీ టార్చిలోంచి రెండు సెల్స్ తీశాం, ఒక్క గంటలో పెట్టేద్దాం అనుకున్నాం. భోజనం గంట కొట్టగానే అన్నీ అలాగే వదిలి పరిగెత్తాం. గోళీ గుంటలోనే ఉండిపోయింది. అంటే స్విచ్చి వేసే ఉంది. ఎవరికీ గుర్తులేదు. రాత్రి రెండు గంటల వేళ కరెంటు పోయింది. 4వ తరగతి బాబు ఒకడికి జ్వరం, వాంతులు. కెప్టెన్ అన్న టార్చి తీస్తే లోపల ఖాళీ. వర్షం పడుతోంది, బయట వరండా మెట్ల దగ్గర మొన్ననే పాము కనిపించింది. అగ్గిపుల్లలు గీసుకుంటూ ఆ బాబుని ఎత్తుకుని వార్డెన్ గదికి తీసుకెళ్ళారు. నేను సైన్సు గదికి పరిగెత్తి సెల్స్ తెచ్చాను. నేను వెళ్ళేసరికి బల్బులో తీగ ఎర్రగా నిప్పుకణికలా కనిపించింది, అంతే. ఎనిమిది గంటలపాటు కాలి సెల్స్ అయిపోయాయి. టార్చిలో వేసినా మెట్టు కనిపించలేదు.

ఆ బాబుకి మందులు పడ్డాయి, రెండ్రోజుల్లో తేరుకున్నాడు. వార్డెన్ మాస్టారు మమ్మల్ని కొట్టలేదు. పొద్దున్న పిలిచి, "టార్చి ఎందుకుంది రా మన దగ్గర?" అని మాత్రం అడిగారు. మేం ఏమీ చెప్పలేకపోయాం. ఇంటి దగ్గర ఇచ్చిన డబ్బుల్లోంచి నలుగురం వేసుకుని టార్చికి కొత్త సెల్స్ కొన్నాం. బల్లకి దాని సెల్స్ దానికి వేరుగా ఉన్నాయి. బల్లకి పక్కన నిజం స్విచ్చి ఒకటి పెట్టాం. అది ఆపితే గోళీ ఎక్కడున్నా కరెంటు పోదు.

ఈ దెబ్బతో బల్బు తీసేసి ఎల్.ఇ.డి. పెట్టాం. లెక్క చూడండి. మా టార్చి బల్బు సుమారు 300 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. ఎర్ర ఎల్.ఇ.డి.కి 1.8 వోల్టులు పోగా 3 వోల్టుల్లో 1.2 మిగులుతుంది. దానికి 100 ఓముల రెసిస్టరు వరసలో పెడితే 12 మిల్లీ ఆంపియర్లు. అంటే బల్బు తాగేదాంట్లో 25వ వంతు. రెసిస్టరు లేకుండా పెట్టకండి, కరెంటు మితిమీరి ఎల్.ఇ.డి. పాడవుతుంది. ఎల్.ఇ.డి.కి పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. తిరగేస్తే వెలగదు.

గుంటలో అయితే గోళీ కూర్చుంటుంది గనక దీపం నిలుస్తుంది. కానీ దారిలో పక్కపక్కన పరిచిన రెండు తీగల మీదుగా గోళీ దొర్లిపోతే? దీపం చిటుక్కుమని ఆరిపోయేది, చూసేలోపే అయిపోయేది. పెద్ద మిషన్లలో దీనికి రిలే వాడేవారు. గోళీ తగలగానే రిలేలోని అయస్కాంతం పత్రిని లాగుతుంది, ఆ పత్రి తన కరెంటు దారి తానే మూసి పట్టుకుంటుంది. గోళీ వెళ్ళిపోయినా అది గుర్తుపెట్టుకుంటుందన్నమాట. మాకు రిలే దొరకలేదు. రిపేరు షాపు ఆయన పాత రేడియోలోంచి 220 మైక్రోఫారడ్ కండెన్సరు, బి.సి. 547 ట్రాన్సిస్టరు తీసి ఇచ్చాడు.

కండెన్సరుని కడవ అనుకోండి. గోళీ తగిలిన ఆ ఒక్క క్షణంలో సెల్స్ కడవని నింపేస్తాయి. కడవ అడుగున సన్న చిల్లు ఉంది, అది 10 కిలో ఓముల రెసిస్టరు. ఆ చిల్లులోంచి కొంచెం కొంచెంగా కరెంటు ట్రాన్సిస్టరు మధ్యకాలికి, అంటే బేస్‌కి పోతుంది. బేస్‌కి ఆ చిన్న కరెంటు అందుతున్నంతసేపు ట్రాన్సిస్టరు ఎల్.ఇ.డి. దారి తెరిచి ఉంచుతుంది. కడవ ఖాళీ అవుతుంటే దీపం మెల్లగా తగ్గి ఆరిపోతుంది. మా బల్లకి మూడు నాలుగు సెకన్లు నిలుస్తోంది. ట్రాన్సిస్టరు చదును ముఖం మనవైపు, కాళ్ళు కిందికి పెట్టి చూస్తే ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. కండెన్సరుకి మైనస్ గుర్తు ఉంటుంది, తప్పు పెట్టకండి.

ఇంకోటి. కొందరు బల్లని కుదిపి గోళీని గుంటలోకి పంపుతున్నారు. (పేర్లు రాయను, మీకే తెలుసు.) వాళ్ళ కోసం తీగ వలయంలో ఒక మేకు వేలాడగట్టాం. కుదిపితే మేకు ఊగి వలయానికి తగులుతుంది, పచ్చ దీపం వెలుగుతుంది, ఆట రద్దు. పెద్ద మిషన్లలో కూడా ఇలాగే లోలకం పెట్టేవారు, దాన్ని టిల్ట్ అంటారు.

రెక్కలు మాత్రం చేతితో దారం లాగితేనే కదులుతాయి. కరెంటుతో కదపాలని మేకు చుట్టూ రాగి తీగ 200 చుట్లు చుట్టాం. గుండుసూదులు లేచాయి గానీ రెక్క కదల్లేదు, సెల్స్ మాత్రం వేడెక్కాయి. రెక్కకి చాలా ఎక్కువ కరెంటు కావాలి. ఒకడు, "గోడ ప్లగ్గు ఉంది కదా" అన్నాడు. వద్దు. గోడలో ఉన్నది 230 వోల్టులు. మన బల్ల మీద తీగలు, మేకులు అన్నీ బోసిగా ఉన్నాయి, గోళీని చేత్తోనే తీస్తాం. ఆ మాట ఇంకెవరూ అనకండి. పెద్ద మిషన్లలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టులు తగ్గించాకే వాడతారు.

మీ బల్ల వెలగకపోతే కంగారుపడి అన్నీ పీకెయ్యకండి. ఒక తీగముక్క తీసుకుని సెల్ దగ్గరనుంచి మొదలెట్టి, ఒక్కో కీలుని దాటిస్తూ తగిలించి చూడండి. ఎక్కడ తగిలిస్తే దీపం వెలిగిందో జబ్బు అక్కడే. రెసిస్టరుని మాత్రం దాటించకండి. రాగి తీగ మీద వార్నీషు ఉంటుంది, కొస గీకకుండా చుడితే అది కూడా గాజు గోళీ లెక్కే. మాకు ఇది మూడుసార్లు అయ్యింది.

బల్ల ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అందరికీ. ఆడాక గోళీని గుంటలో వదలకుండా పక్కనున్న రేకు డబ్బాలో వెయ్యండి. స్విచ్చి ఆపండి. రెండో గోళీ కావాలి, ఎవరి ఊళ్ళో అయినా పాత బేరింగు దొరికితే సెలవులనుంచి వచ్చేటప్పుడు తీసుకురండి.

– 9వ తరగతి విద్యార్థి