వృద్ధుల యొద్ద కలము పట్టు పరిచర్య

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 6:1–7, యిర్మీయా 36, రోమా 16:22

కళాశాల విద్యార్థి యొకడు వృద్ధుల కేంద్రమునకు పోయి, "నేనేమి పని చేయుదును?" అని అడిగినయెడల, అక్కడివారు తరచుగా అతనికి ఒక బల్లను, ఒక రిజిస్టరును చూపుదురు. కుర్రవాని మనస్సు చిన్నబోవును. అన్నము వడ్డించుట సేవ గాని కాగితములు వ్రాయుట గుమాస్తా పని యని మనలో అనేకుల తలంపు. ఆ తలంపు సరియైనదేనా యని ఈ పాఠములో విచారింతము.

1. యెరూషలేములో జరిగినది

ఆది సంఘములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు దినదినము పంచు ఆహారము సరిగా అందలేదు. ఆ సంఘమునకు ఉదారత కొదువ కాదు. కలిగినవారు పొలములమ్మి సొమ్ము తెచ్చుచుండిరి. పంపకమును కనిపెట్టి చూచువారే కొదువైరి. అందుకొరకు మంచి పేరు, జ్ఞానము గల ఏడుగురిని ఏర్పరచిరి. వారిలో మొదటివాడు స్తెఫను. ఎవరికి అందినది, ఎవరికి అందలేదు అని చూచుట తక్కువ పనియైతే అట్టివారిని వెదకనేల?

2. మన సీమలో

మంగంపేట ముగ్గురాయి నిక్షేపము లోకములోని గొప్ప నిక్షేపములలో ఒకటి. ఆ గనులలోను, రాయి పొడిచేయు మిల్లులలోను బ్రతుకు వెళ్లదీసినవారు ముసలివారైరి. కోడూరు, రాజంపేట ప్రాంతముల బిడ్డలు అనేకులు కువైటులో నున్నారు. ఇంట చదువు రాని అవ్వయు తాతయు మిగులుదురు.

అవ్వను పుట్టిన తేదీ అడుగుడి. "గంజి కరువునాటికి నడక నేర్చినానంట నాయనా" అనును. ఆ కరువు 1950ల ఆరంభమున వచ్చినది. ఆధారు కార్డులో మరొక సంవత్సరముండును. లక్ష్మి అను పేరు ఇంగ్లీషు అక్షరములలో కార్డునందొక విధముగా, బ్యాంకు పుస్తకమునందొక విధముగా నుండును. ఒకచోట ఇంటిపేరు ముందు, మరొకచోట వెనుక. మన రాష్ట్రములో 60 ఏండ్లు నిండిన అర్హులగు పేదలకిచ్చు వృద్ధాప్య పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు. ఒక్క అక్షరము కలియనందున ఆ సొమ్ముగాని వైద్యసహాయముగాని ఆగిపోవచ్చును. ఆ అవ్వకు అది మందు, బియ్యము. రాళ్లు మోసి అరిగిన వ్రేళ్ల ముద్రలు యంత్రమునకు అందకపోవుటయు కలదు.

కాబట్టి సరిగా వ్రాసిన కాగితము వడ్డించిన విస్తరితో సమానము.

3. విద్యార్థి పాటింపవలసినవి

(అ) మొదట వృద్ధునే అడుగుము. వెంట వచ్చిన కొడుకునో అల్లునినో చూచి మాటలాడకుము. అర్జీ ఎవరిదో మాటయు వారిదే.

(ఆ) వ్రాసినది మెల్లగా చదివి వినిపింపుము. వినక మునుపు వేలిముద్ర వేయనియ్యకుము. వారి బదులు నీవు సంతకము చేయకుము.

(ఇ) కార్డును, బ్యాంకు పుస్తకమును పని కాగానే వారి చేతికే ఇమ్ము. సెల్‌ఫోనుకు వచ్చు రహస్య సంఖ్యను అడుగకుము, వ్రాసికొనకుము.

(ఈ) బల్లయొద్ద వినినది బల్లయొద్దనే ఉండనిమ్ము. ఎవరి కొడుకు డబ్బు పంపలేదో బజారున చెప్పుటకు నీకు అధికారము లేదు.

(ఉ) అర్జీ సంఖ్యను, తేదీని పెద్ద అక్షరములతో చీటీపై వ్రాసి ఇమ్ము. వృద్ధుల సహాయమునకై దేశమంతట నున్న 14567 అను టెలిఫోను సంఖ్యను గోడమీద వ్రాయుము.

(ఊ) వచ్చెదనన్న దినమున రమ్ము. నీ కొరకు ఎదురుచూచువారికి నడచుట కష్టము.

4. పేరు కానరాని లేఖకులు

1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకములో విద్యార్థి ఏటికి 120 గంటలు, రెండేండ్లకు 240 గంటలు సేవ చేయవలెను. గంటలు నిండుటయే గురి యైతే రిజిస్టరు విసుగు పుట్టించును. బారూకును చూడుడి. యిర్మీయా చెప్పగా అతడు సిరాతో వ్రాసెను; రాజు ఆ గ్రంథమును కోసి నిప్పులో వేసెను; బారూకు మరల మొదటినుండి వ్రాసెను. తిరస్కరింపబడిన అర్జీని రెండవసారి వ్రాయు విద్యార్థికి అతడు సహోదరుడు. రోమా పత్రికను పౌలు చెప్పగా చేత వ్రాసినవాడు తెర్తియు. అతని మాట ఆ పత్రికలో ఒక్క వచనమే. అయినను పత్రిక యంతయు అతని చేతిమీదుగానే వచ్చినది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన వీధిలో కాగితము సరిలేక సహాయము అందని వృద్ధులెవరు?
2. వారియొద్ద వారమునకు ఒక గంట కూర్చుండగల చదువుకొన్న బిడ్డ మన యింట నున్నాడా?
3. వారి రహస్యములను కాపాడునట్లు ఆ బిడ్డకు మనము నేర్పితిమా?

తల్లిదండ్రులారా, బిడ్డలకు చదువు చెప్పించుటకు అప్పులు చేసితిరి. ఆ చదువులో ఒక గంట పొరుగింటి అవ్వకు దక్కనిండు. విద్యార్థులారా, వచ్చు శనివారము కలము తీసికొని పొండు. అవ్వ పేరు ఎట్లు వ్రాయవలెనో మొదట ఆమెనే అడుగుడి.