మూడు ధాతువులు – ఒక క్రియ

ఆంగ్లం నేర్చుకొనే విద్యార్థికి మొదట ఎదురయ్యే క్రియలలో 'బీ' ఒకటి. 'ఈజ్', 'వాజ్', 'బీన్' అనే దాని రూపాలకు పరస్పరం పోలిక కనిపించదు. వాటిని కంఠస్థం చేయడమే మార్గమని మనం భావిస్తాం. కాని ఈ అక్రమత వెనుక ఒక చరిత్ర ఉంది. పూర్వం వేర్వేరుగా ఉన్న మూడు ధాతువులు కాలక్రమంలో కలిసి ఈ ఒక్క క్రియగా రూపొందాయి.

గోథిక్, ప్రాచీన ఆంగ్లం, ప్రాచీన నార్స్ మొదలైనవి జర్మానిక్ శాఖకు చెందిన భాషలు. ఈ శాఖ, సంస్కృతం ఇండో-యూరోపియన్ అనే ఒకే కుటుంబానికి చెందినవి. 1816లో జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్, పారసీక, జర్మానిక్ రూపాలతో పోల్చి ఈ బంధుత్వాన్ని శాస్త్రీయంగా పరిశీలించాడు. ఆ పోలిక వల్ల మూడు ధాతువులూ స్పష్టమవుతాయి.

మొదటిది 'అస్' ధాతువు. దీని అర్థం ఉనికి. సంస్కృతంలోని 'అస్తి'కి సోదరరూపం గోథిక్‌లోని 'ఇస్ట్'. క్రీ.శ. 4వ శతాబ్దంలో వుల్ఫిలా చేసిన బైబిలు అనువాదం ద్వారా గోథిక్ భాష మనకు ప్రధానంగా తెలుస్తున్నది. నేటి 'ఈజ్', 'యామ్' రూపాలు ఈ ధాతువుకు చెందినవే.

రెండవది 'భూ' ధాతువు. కలగడం, అవడం దీని అర్థం. సంస్కృతంలోని 'భ'కారానికి జర్మానిక్ భాషలలో 'బ'కారం కనిపిస్తుంది. ప్రాచీన ఆంగ్లంలోని 'బేఓన్' నుంచి 'బీ', 'బీన్' వచ్చాయి. ఆ భాషలో ఈ రూపాలను భవిష్యద్విషయాలకు, నిత్యసత్యాలకు తరచుగా వాడేవారు. మన 'భవిష్యత్తు' కూడా 'భూ' ధాతువు నుంచి పుట్టినదే.

మూడవది 'వస్' ధాతువు. దీని అర్థం నివసించడం. గోథిక్‌లో 'విసన్', ప్రాచీన ఆంగ్లంలో 'వెసన్' దీని రూపాలు. 'వాజ్' అక్కడి నుంచి వచ్చింది.

నివాసాన్ని తెలిపే ధాతువు ఉనికిని ఎలా తెలిపింది? తెలుగు ద్రావిడ భాష అయినా ఈ అర్థసంబంధం మనకు కొత్త కాదు. 'ఆమె విజయవాడలో ఉంటుంది' అన్నప్పుడు 'ఉండు' నివాసాన్ని, 'పుస్తకం బల్లపై ఉంది' అన్నప్పుడు ఉనికిని తెలుపుతుంది.

'అస్తిత్వం', 'భవిష్యత్తు', 'నివాసం' తెలుగులోకి వచ్చిన తత్సమాలు. అందుచేత 'బీ' క్రియకు దూరపు బంధువులైన పదాలను మనం నిత్యం పలుకుతూనే ఉన్నాం. నియమానికి లొంగని రూపం కనిపించినప్పుడు దాని పూర్వచరిత్రను అన్వేషించడమే భాషాధ్యయనంలో తొలిమెట్టు.

ప్రశ్నలు

1. 'బీ' క్రియలో కలిసిన మూడు ధాతువులను, వాటి అర్థాలను తెలపండి.
2. 'ఉండు' క్రియకు గల రెండు అర్థాలను సొంత వాక్యాలతో వివరించండి.