మూతపడిన స్టూడియో – ఆగని ఆట



కంప్యూటర్ ఆటలు ఆడేవారికి 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' కొత్త పేరు కాదు. ఈ ఆట కొద్దిమంది గ్రామస్థులతో మొదలవుతుంది. వారిచేత ఆహారం, కలప, బంగారం, రాయి కూడబెట్టించాలి. ఇళ్లు, కోటలు కట్టించాలి. ఒక యుగం నుంచి మరో యుగానికి ఎదుగుతూ రాజ్యాన్ని కాపాడుకోవాలి. దీనిని తయారుచేసిన సంస్థ పేరు ఎన్‌సెంబుల్ స్టూడియోస్. ఆ సంస్థ 2009లో మూతపడింది. ఆటను మాత్రం నేటికీ ఎందరో ఆడుతూనే ఉన్నారు. మంచి ఆటలు చేసి పేరు తెచ్చుకున్న స్టూడియో ఎందుకు మూతపడింది? మూతపడ్డాక ఏం మిగిలింది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

స్టూడియో పుట్టుక

అమెరికాలోని డల్లాస్ నగరంలో టోనీ గుడ్‌మన్ వ్యాపార సంస్థలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ నడిపేవారు. లెక్కలు, జాబితాలతో నిండిన ఆ పని సాగుతుండగానే ఆయనకు ఆటలు చేయాలనే కోరిక కలిగింది. 1995 ప్రాంతంలో సోదరుడు రిక్ గుడ్‌మన్, బ్రయన్ సలివాన్, బ్రూస్ షెల్లీలతో కలిసి స్టూడియో ప్రారంభించారు. వీరిలో షెల్లీ అప్పటికే అనుభవజ్ఞులు. 1991లో వచ్చిన 'సివిలైజేషన్' ఆటకు సిడ్ మేయర్‌తో కలిసి పనిచేశారు.

'ఎన్‌సెంబుల్' అంటే కలిసి వాయించే వాద్యబృందం. పేరుకు తగ్గట్టే అక్కడ ఒక అలవాటు ఉండేది. తయారవుతున్న ఆటను స్టూడియోలోని అందరూ ఆడి చూడాలి. బొమ్మలు గీసేవారు, ప్రోగ్రామ్ రాసేవారు అనే తేడా లేదు. ఎక్కడ విసుగు పుడుతోందో, ఏది కష్టంగా ఉందో ఎవరైనా చెప్పవచ్చు. దాన్ని సరిదిద్ది మళ్లీ ఆడేవారు.

చరిత్రకు సంబంధించిన ఆట కదా, పెద్ద పెద్ద గ్రంథాలు తిరగేసి ఉంటారని మీరు అనుకోవచ్చు. ఇలాంటి ఆటలకు కావలసిన సమాచారం చాలాసార్లు గ్రంథాలయంలోని పిల్లల విభాగంలోనే దొరుకుతుందని షెల్లీ చెప్పేవారు. ఆడేవారికి అప్పటికే కొంత తెలిసిన చరిత్ర అయితేనే ఆటలో సులభంగా మునిగిపోతారన్నది ఆయన ఆలోచన.

ఒక చిక్కు, ఒక ఉపాయం

ఆ రోజుల్లో ఇంటర్నెట్ టెలిఫోన్ తీగల మీద, మోడెం ద్వారా వచ్చేది. దాని వేగం సెకనుకు 28,800 బిట్లు మాత్రమే. ఒకేసారి ఎనిమిదిమంది వేర్వేరు చోట్ల నుంచి కలిసి ఆడాలన్నది స్టూడియో కోరిక. ప్రతి సైనికుడు ఎక్కడున్నాడు, ఎటు తిరిగాడు, ఎంత గాయపడ్డాడు అనే వివరాలన్నీ పంపితే ఎంతమందిని కదిలించవచ్చో లెక్క వేశారు. అందరివీ కలిపి 250 మందికి మించి కుదరదని తేలింది. పెద్ద యుద్ధానికి అది చాలదు.

వారు కనిపెట్టిన దారిని ఒక ఉదాహరణతో అర్థం చేసుకుందాం. మీరు విశాఖపట్నంలో ఉన్నారు. మీ స్నేహితుడు వాళ్ల నాన్నగారికి బదిలీ కావడంతో జోధ్‌పూర్ వెళ్లాడు. ఇద్దరూ ఫోనులో చదరంగం ఆడాలి. ప్రతిసారీ 32 పావులూ ఎక్కడున్నాయో చెప్పుకుంటారా? చెప్పుకోరు. ఇద్దరూ చెరొక బల్ల పెట్టుకుని, జరిపిన ఎత్తు మాత్రమే చెబుతారు. రెండు బల్లలూ ఒకేలా ఉంటాయి.

ఎన్‌సెంబుల్ వారు ఇదే పని చేశారు. సైనికుల స్థితిని పంపకుండా, ఆటగాడు ఇచ్చిన ఆజ్ఞను మాత్రమే పంపారు. ఆజ్ఞ అందుకున్న ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తానే లెక్కకట్టుకుంటుంది. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఒక్క ఎత్తు తప్పుగా వింటే రెండు బల్లలూ వేరైపోతాయి. అలాగే ఒక కంప్యూటర్ లెక్కలో చిన్న తేడా వచ్చినా రెండు కంప్యూటర్లలో రెండు వేరే యుద్ధాలు నడుస్తాయి. అలాంటి తేడాలను వెతికి పట్టుకోవడానికి వారు ఎంతో శ్రమపడ్డారు.

ఎదుగుదల

మొదటి ఆట 1997లో వెలువడింది. దాన్ని ప్రచురించింది మైక్రోసాఫ్ట్. 1999లో రెండవ భాగం 'ది ఏజ్ ఆఫ్ కింగ్స్' వచ్చింది. 2001లో మైక్రోసాఫ్ట్ ఈ స్టూడియోనే కొనేసింది. తరువాత 2002లో 'ఏజ్ ఆఫ్ మైథాలజీ', 2005లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' మూడవ భాగం వచ్చాయి.

కొనుగోలు వల్ల స్టూడియోకు పెద్ద సంస్థ అండ దొరికింది. అయితే ఇక మీదట ఏ ఆట చేయాలి, ఏది ఆపాలి, స్టూడియో ఉండాలా వద్దా అన్న చివరి మాట యజమానిదే అయింది.

మూసివేత

2008 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఒక నిర్ణయం ప్రకటించింది. చేతిలో ఉన్న 'హేలో వార్స్' పూర్తికాగానే ఎన్‌సెంబుల్‌ను మూసివేస్తామని చెప్పింది. ఇది ఆర్థిక కారణాలతో తీసుకున్న నిర్ణయమని తెలిపింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒక సంస్థ నష్టపోతేనే మూతపడుతుందని మనం అనుకుంటాం. కానీ యజమాని మరో లెక్క కూడా వేస్తాడు: ఇదే డబ్బు ఇంకో చోట పెడితే ఎక్కువ లాభమా?

ఆ తరువాతి నెలల్లో ఉద్యోగులు చేసిన పని గుర్తుంచుకోదగ్గది. ఆఫీసు మూతపడుతుందని తెలిసి కూడా వారు ఆటను పూర్తిచేశారు. బదిలీ ఉత్తర్వు వచ్చాక అదే బడిలో వార్షిక పరీక్షలు రాసిన పిల్లలకు ఆ మనఃస్థితి కొంత అర్థమవుతుంది. 2009 జనవరి చివర స్టూడియో మూతపడింది. కొన్ని వారాలకే 'హేలో వార్స్' దుకాణాల్లోకి వచ్చింది.

ఏం మిగిలింది?

ఉద్యోగులు తలో దారి పట్టారు. కొందరు రోబోట్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే స్టూడియో పెట్టి 'ఓర్క్స్ మస్ట్ డై' అనే ఆట చేశారు. మరికొందరు బాన్‌ఫైర్ స్టూడియోస్ ప్రారంభించారు. ఎన్‌సెంబుల్‌లో పనిచేసిన పాల్ బెట్నర్, డేవిడ్ బెట్నర్ సోదరులు న్యూటాయ్ సంస్థను స్థాపించి, ఫోన్లలో ఆడే 'వర్డ్స్ విత్ ఫ్రెండ్స్' అనే మాటల ఆటను తెచ్చారు. పైన చెప్పుకున్న మోడెం ఉపాయం మీద పనిచేసినవారిలో పాల్ ఒకరు. దూరాన ఉన్నవారిని ఒకే ఆటలో కలిపే నేర్పు ఆయన వెంటే వెళ్లింది.

పాత ఆటను అభిమానులు వదలలేదు. దానికి కొత్త రాజ్యాలు చేర్చిన ఒక అభిమాన బృందం పనిని 2013లో 'ది ఫర్‌గాటెన్' పేరుతో అధికారికంగా విడుదల చేశారు. రెండవ భాగంలోకి భారతీయులు అప్పుడే వచ్చారు. 2022లో వచ్చిన 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా'లో ద్రావిడులు, బెంగాలీలు, ఘూర్జరులు వేర్వేరు రాజ్యాలుగా చేరారు.

నేర్పు మనిషి వెంట వెళ్తుంది. ఆట ఆడేవారి దగ్గర ఉంటుంది. కానీ అందరూ ఒకే గదిలో కూర్చుని ఆడి, వాదించుకుని, సరిదిద్దుకున్న ఆ బృందం మళ్లీ అలాగే ఒకచోట చేరలేదు. మూసివేతలో నిజమైన నష్టం అదే. దాన్ని ఏ లెక్కల పుస్తకంలోనూ రాయరు.

ఆలోచించండి – రాయండి

1. సైనికుల స్థితిని కాక ఆజ్ఞలను మాత్రమే పంపడం వల్ల కలిగిన లాభం ఏమిటి? అందులోని ప్రమాదం ఏమిటి?
2. 2001లో జరిగిన కొనుగోలు స్టూడియోకు ఏమి ఇచ్చింది? ఏమి తీసుకుంది?
3. లాభం వస్తున్న సంస్థను కూడా యజమాని ఎందుకు మూసివేయవచ్చు?
4. మీరు వదిలి వచ్చిన ఊరి బడిలో నేర్చుకుని, ఇప్పటికీ మీకు ఉపయోగపడుతున్న ఒక పని గురించి ఐదు వాక్యాలు రాయండి.